కరువును అరువు తెచ్చుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పల్లెటూరి నేరకథల పోటీ ప్రకటించి, నమూనాగా ఆస్ట్రేలియా పల్లెల నేరనవలల మీద ఒక పేజీ వ్యాసం వేశారు. ఆ తర్వాత వరసగా నాలుగు వారాలు వచ్చిన కథలు చదివాం. నాలుగింట్లోనూ ఊరు పేరు కోనసీమది, గాలి మాత్రం ఆస్ట్రేలియాది. ఎర్రదుమ్ము, నెర్రెలిచ్చిన నేల, ఖాళీ రోడ్డు, ఒంటరి కానిస్టేబులు. ఒక కథలో ముమ్మిడివరం దగ్గర "కనుచూపు మేరలో మనిషి జాడ లేదు" అని ఉంది. ముమ్మిడివరం దగ్గర కనుచూపు మేరలో మనిషి లేడంటే హత్య సంగతి తర్వాత, ముందు అదే పెద్ద వార్త.

ఈ ఉత్తరం ఒక్కరు రాస్తున్నది కాదు. ఆ నవలల్ని ఏళ్లుగా చదివేవాళ్లం, కొన్నిటిని తెలుగు చేసే పనిలో ఉన్నవాళ్లం, స్టేషన్ రికార్డు రాసి రిటైరైనవాళ్లం, కాలువ లాకుల మీద పనిచేసినవాళ్లం కలిసి రాస్తున్నాం. మా అభ్యంతరం ఒక్కటే. అక్కడి రచయితలు కరువుని బొమ్మ అందంగా ఉంటుందని పెట్టలేదు. శవం ఏ రోజు బయటపడాలో, ఎవడికి ఎవడి మీద కక్ష పుట్టాలో, సాక్షి ఎంత దూరంలో ఉండాలో అన్నీ ఆ కరువే తేలుస్తుంది. మన డెల్టాలో ఆ పని చేసేవి నీళ్లు. మన రచయితలు ఆ పనిముట్టుని వదిలేసి పక్కింటి పనిముట్టు ఎత్తుకొచ్చారు.

ముందు అక్కడి సంగతి. దక్షిణ ఆస్ట్రేలియాలో అన్నా క్రీక్ అని ఒక పశువుల క్షేత్రం ఉంది. చాలాకాలం దాని విస్తీర్ణంగా చెప్పిన లెక్క 23 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. పాత ఉమ్మడి తూర్పుగోదావరి 10,807, పశ్చిమగోదావరి 7,742. రెండూ కలిపినా ఆ లెక్కకి సరిపోవు. అలాంటి చోట పోలీసు స్టేషనంటే చాలాసార్లు ఒక ఇల్లే. ముందు గదిలో ఆఫీసు, వెనక సంసారం, డ్యూటీలో ఒక్కడు. హత్య జరిగిందంటే రాష్ట్ర రాజధాని నుంచి హత్యకేసులు చూసే హోమిసైడ్ దళం దిగుతుంది, ఊరి పోలీసు చోటుకి కాపలా మనిషై పోతాడు. ఊళ్లో ఎవడు ఎవడితో మాట్లాడడో తెలిసినవాడు వాడొక్కడే, వాడి మాట వినేవాడు లేడు. ఆ నవలల బిగువు సగం ఇక్కడే ఉంటుంది. మీ పోటీకథల్లో ఆ ఒంటరి కానిస్టేబుల్ని యథాతథంగా తెచ్చి అల్లవరంలో కూర్చోబెట్టారు. మన స్టేషన్లో ఎస్ఐ ఉంటాడు, పైన సీఐ, ఆ పైన డీఎస్పీ. హత్యకేసు మామూలుగా సీఐ చేతిలోకి వెళుతుంది. మన కానిస్టేబుల్ ఒంటరితనం వేరు: ఆరుగురు పై అధికారుల మధ్య ఒంటరి. అది రాస్తే కథ.

కరువు అక్కడ ఎలా పనిచేస్తుందో చూడండి. 1997 నుంచి 2009 దాకా ఆగ్నేయ ఆస్ట్రేలియాని పట్టిన కరువుని వాళ్లు మిలీనియం కరువంటారు. అన్నేళ్లు వాన సరిగ్గా పడకపోతే పొలంలో తవ్వుకున్న నీటిగుంట అడుగంటుతుంది. అడుగున ఇరవై ఏళ్ల కిందట మాయమైన కారు పైకప్పు తేలుతుంది. ఇది కాకతాళీయంగా అనిపించదు, ఎందుకంటే నవల మొదటి పేజీ నుంచీ గుంట దిగుతూనే ఉంది. ఇక కక్షలు. అక్కడ 1994లో మొదలైన సంస్కరణల తర్వాత ముర్రే డార్లింగ్ నదుల ప్రాంతంలో నీటి హక్కుని భూమి నుంచి విడదీసి అమ్ముకోవచ్చు, మెగాలీటర్ల లెక్కన. ఒక మెగాలీటరంటే పది లక్షల లీటర్లు. అన్న నీళ్లు అమ్ముకుని పట్నం వెళ్లిపోతాడు, తమ్ముడికి ఎండిన నేల మిగులుతుంది. పేపరు మీద ఎవరూ తప్పు చేయలేదు. ఇంతకన్నా మంచి హత్యాకారణం ఏ రచయిత కల్పించగలడు?

నిప్పు సంగతీ అంతే. గాలి, ఎండ హద్దు దాటిన రోజున అధికారులు సంపూర్ణ నిప్పు నిషేధం ప్రకటిస్తారు. ఆ రోజు బయట పొయ్యి వెలిగించకూడదు, బహిరంగంగా వెల్డింగ్ చేయకూడదు, గ్రైండర్ తిప్పకూడదు. కాబట్టి నిషేధం ఉన్న రోజున ఎక్కడో సన్నటి పొగ లేచిందంటే ఊరంతా తలెత్తి చూస్తుంది. మంటలార్పేది కూడా ఎక్కువగా ఊరి వాలంటీర్లే, అంటే నేరం జరిగిన చోటుకి ముందు చేరేది అనుమానితులే. తుపాకి గురించి కూడా మన రచయితలు పొరబడుతున్నారు. అక్కడ ఇంటికో తుపాకి గోడకి వేలాడుతున్నట్టు రాస్తున్నారు. 1996లో పోర్ట్ ఆర్థర్ అనే చోట జరిగిన సామూహిక కాల్పుల తర్వాత చట్టం బిగించారు. లైసెన్సుకి సరైన కారణం చూపాలి, రైతుకి వ్యవసాయమే ఆ కారణం. మొదటి తుపాకి కొనడానికి 28 రోజులు ఆగాలి. తుపాకి ఇనప్పెట్టెలో, తూటాలు విడిగా తాళంలో ఉండాలి. నవలలో డిటెక్టివ్ మొదట అడిగేది "తుపాకి ఎవరిది" అని కాదు, "తాళంచెవి ఎక్కడ పెడతారో ఇంట్లో ఎంతమందికి తెలుసు" అని. ఆ ప్రశ్నకి వచ్చే జవాబులో కుటుంబం మొత్తం కనబడుతుంది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. ఈ రకం నవలకి మూలపురుషుల్లో ఒకడనదగిన ఆర్థర్ అప్‌ఫీల్డ్ పశ్చిమ ఆస్ట్రేలియాలో కుందేళ్లని అడ్డుకోవడానికి వేసిన కంచె మీద పనివాడు. ఆ ఒకటో నంబరు కంచె 1,833 కిలోమీటర్ల పొడవు. రాత్రిళ్లు నెగడు చుట్టూ కూర్చుని, శవం ఆనవాలు మిగలకుండా పోయే కథ ఎలా అల్లాలని తోటివాళ్లని అడిగేవాడు. వింటున్నవాళ్లలో స్నోవీ రౌల్స్ ఒకడు. ఆ తర్వాత ఆ దారుల్లో ముగ్గురు కనబడకుండా పోయారు. నవల 1931లో వచ్చింది. ఆ ముగ్గురిలో ఒకణ్ణి చంపినందుకు రౌల్స్‌ని 1932లో ఉరితీశారు. విచారణలో అప్‌ఫీల్డ్ కోర్టుకి వచ్చి సాక్ష్యం చెప్పాల్సొచ్చింది. వాణ్ణి పట్టించింది బూడిదలో దొరికిన ఒక పెళ్లి ఉంగరం. చనిపోయినవాడు న్యూజిలాండ్‌లో ఉండగా ఆ ఉంగరాన్ని కోసి కొలత మార్పించారు. ఉంగరం 18 కేరట్లది, అతికించినవాడు పొరబాటున 9 కేరట్ల బంగారంతో అతికాడు. అతుకు దగ్గర రంగు తేడా. ఆ తేడాని గుర్తుపట్టి ఇది ఫలానా ఉంగరమేనని చెప్పగలిగారు. మన వైపు కంసాలి ఎవరినైనా అడగండి, పాత నగ చేతిలో పెడితే అతుకు ఎక్కడుందో, ఎవరి చేతిపనో చెబుతాడు. కోనసీమలో హత్యకథ రాసేవాడికి ఆ కంసాలి కొట్టులో కూర్చుంటే నాలుగు నవలలకి సరుకు దొరుకుతుంది. సూక్ష్మదర్శిని, లేబొరేటరీ తర్వాత చూసుకోవచ్చు.

అనువాదకులకి ఒక మాట, పనిలో పనిగా. అక్కడ "డేమ్" అంటే ధవళేశ్వరం కాదు, పొలంలో తవ్వుకున్న నీటిగుంట. దాన్ని "ఆనకట్ట" అని రాస్తే పశువు నీళ్లు తాగడానికి ఆనకట్ట ఎక్కినట్టవుతుంది, ఒక అనువాదంలో నిజంగానే ఎక్కింది. "స్టేషన్" అంటే సందర్భాన్ని బట్టి పోలీసుది, రైలుది, లేదా వేల ఎకరాల పశువుల క్షేత్రం. "పేడక్" వరిమడి కాదు, కంచె వేసిన బీడో మేతనేలో. "స్క్వాటర్" అంటే ఇక్కడ పేదవాడు గుర్తొస్తాడు, అక్కడి పాత వాడుకలో వాడే ఆ ప్రాంతపు పెద్ద భూస్వామి. ఒక్క "బోరు" మాత్రం అక్కడా ఇక్కడా బోరే, సంతోషం. రుతువులు తలకిందులు: క్రిస్మస్ నడివేసవిలో వస్తుంది, కార్చిచ్చుల భయం డిసెంబరు, జనవరిల్లో. "జనవరి చలికి దుప్పటి కప్పుకుని" అని రాసిన అనువాదకుడు రచయిత పెట్టిన మంటనే ఆర్పేశాడు. మధ్యాహ్నపు సూర్యుడు అక్కడ ఉత్తరం వైపున ఉంటాడు కాబట్టి నీడ దక్షిణానికి పడుతుంది. నీడని బట్టి వేళ కట్టే డిటెక్టివ్ ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు మన నీళ్ల దగ్గరకి వద్దాం.

డెల్టా కాలువల్ని సాధారణంగా ఏప్రిల్ మధ్యలో కట్టేసి జూన్ మొదట్లో వదులుతారు. తేదీ ఏడాదిని బట్టి మారుతుంది, ఆ తేదీ ముందే పేపర్లో వస్తుంది, మంచినీళ్ల చెరువులు నింపుకోమని ఊరికి కబురొస్తుంది. అంటే కాలువ అడుగు ఏ వారం బయటపడబోతోందో హంతకుడికి ముందే తెలుసు. ఆస్ట్రేలియా గుంట ఎప్పుడు ఎండుతుందో ఎవరికీ తెలియదు. మన కాలువకి క్యాలెండరుంది. ఆ ఆరు వారాల గడువు మీద ఒక నవల మొత్తం నడపవచ్చు. ఎవడో మార్చి నెలలో లాకుల దగ్గర షట్టర్లు ఎత్తిదించే లస్కరుని "ఈ ఏడు ఎప్పుడు కడుతున్నారండీ" అని మూడోసారి అడిగాడనుకోండి. వాడు దాళ్వా (రెండో పంట) రైతు కాకపోతే ఎందుకు అడిగినట్టు?

కట్టిన తర్వాత ఏమవుతుందో దగ్గర్నుంచి చూసి రాయాలి. కాలువ ఒక్క పూటలో ఎండదు. ముందు గట్టు వెంబడి తడి గీత కిందికి జరుగుతుంది. గుర్రపుడెక్క తేలడం మానేసి బురద మీద పచ్చచాపలా కూర్చుంటుంది, దాని కింద ఏముందో రెండు మూడు రోజులు కనబడదు. పిల్లలు మిగిలిన మడుగుల్లో కొర్రమీనులకీ మట్టగిడసలకీ దిగుతారు, కాబట్టి ఏదన్నా ముందు కాలికి తగిలేది పిల్లాడికే. రేవుమెట్ల కింద పగిలిన గ్లాసులు, చెప్పులు, నిమజ్జనం చేసిన వినాయకుడి ఇనపచువ్వలు. తర్వాత డెక్క ఎండి గోధుమరంగుకి తిరుగుతుంది, బురద పెచ్చులు లేస్తుంది. అయితే లాకుల దిగువన నీళ్లు పడి పడి నేల కోసుకుపోయి గొయ్యి పడుతుంది, మే నెలలో కూడా అక్కడ నీళ్లుంటాయి. పైనుంచి వచ్చింది ఏదైనా అక్కడ ఆగవచ్చు. మీ పోటీలో మూడో కథలో ఎస్ఐ పది కిలోమీటర్ల కాలువ వెతికించి అలసిపోతాడు. లాకుల కింద గొయ్యి మాత్రం చూడడు. ఇది తెలియని ఎస్ఐ మా వైపు ఉండడు, ఉన్నా లస్కరు ఊరుకోడు.

రెండు లాకుల మధ్య ముక్క ఒక గదిలాంటిది. శవం కింది లాకుల దగ్గర తలుపులకి ఆనుకుని ఆగిందంటే, పై లాకులకీ కింది లాకులకీ మధ్యే ఎక్కడో నీళ్లలో పడిందని మొదటి ఊహ. షట్టర్లు ఎత్తి ఉంటే కిందనుంచి జారిపోవచ్చు, అప్పుడు వెతకాల్సిన గది మారిపోతుంది. షట్టరు ఎప్పుడు ఎత్తారు, గేజి (నీటిమట్టం) ఎంత ఉంది అన్నది లాకుల దగ్గర పుస్తకంలో రాసి ఉంటుంది. పట్నం కథల్లో సీసీటీవీ చేసే పని ఆ చిరిగిన రిజిస్టరు చేస్తుంది. హంతకుడు సీసీటీవీ కోసం తలెత్తి చూస్తాడు, రిజిస్టరు వాడికి గుర్తుకే రాదు.

పి.గన్నవరం అక్విడక్టు సంగతి ఎవరూ వాడుకోకపోవడం మాకు నిజంగా ఆశ్చర్యం. అక్కడ కాలువ ఏటి మీదుగా దాటుతుంది. పైన కాలువ, కింద గోదావరి పాయ వైనతేయ. చీకట్లో ఒక మూట పైనున్న కాలువలో పడితే లంకల్లో పొలాలవైపు పోతుంది, కింద ఏట్లో పడితే బోడసకుర్రు మీదుగా ఓడలరేవు దగ్గర సముద్రానికి. రెండింటికీ మధ్య తేడా చెయ్యి విసురు. కంగారులో ఉన్నవాడు ఎటు విసిరాడో వాడికే తెలియకపోవచ్చు.

ఏరు సముద్రానికి దగ్గరవుతున్నకొద్దీ ఇంకో చిక్కు ఉంది. నరసాపురం దగ్గర వసిష్ఠలో, యానాం దగ్గర గౌతమిలో పోటూ పాటూ ఉంటాయి. సుమారు పన్నెండున్నర గంటలకోసారి పోటు, రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా. అమావాస్యకీ పున్నానికీ పోటు ఎక్కువ. వరదరోజుల్లో గోదావరి తోపుకి పోటు ఆగదు, శవం నేరుగా సముద్రం దారి పడుతుంది. అదే మార్చిలో పోటుకి పైకి, పాటుకి కిందికి ఊగుతూ వేసినచోటుకే తిరిగి రావచ్చు. "శవం ఎగువన దొరికింది కాబట్టి హత్య ఇంకా ఎగువన జరిగింది" అని తేల్చే డిటెక్టివ్ని ఏరు దాటించే పంటు నడిపే కుర్రాడు చూసి నవ్వుతాడు. తేలే వేళ కూడా రుతువుని బట్టి మారుతుంది: మన వేసవిలో సుమారు ఒక రోజుకే పైకి వస్తుంది, చలికాలంలో రెండు మూడు రోజులు పడుతుంది. గాలిలో ఒక వారం, నీళ్లలో రెండు వారాలు, మట్టిలో ఎనిమిది వారాలు దాదాపు ఒకే కుళ్లు అని వైద్యన్యాయశాస్త్రం పుస్తకాల్లో పాత సూత్రం. లెక్క మోటుదే, కథకి మాత్రం చాలు.

మునిగి చచ్చాడా, చచ్చాక ముంచారా అన్నదానికి డయాటమ్ పరీక్ష ఉంది. డయాటమ్‌లు నీళ్లలో ఉండే కంటికి కనిపించని నాచుజీవులు. గుండె కొట్టుకుంటుండగా నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పీలిస్తే అవి రక్తంతో కలిసి ఎముకల మూలుగ దాకా చేరతాయి. లేబ్‌కి ఎముకతోబాటు శవం దొరికినచోట నీళ్లు కూడా పంపాలి, లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. రచయితలు ఈ నీళ్ల సీసాని ఎప్పుడూ మర్చిపోతారు. మన డెల్టాకి ఇందులో ఒక వరం ఉంది. ఉప్పునీటి జాతులు వేరు, మంచినీటి జాతులు వేరు. అంతర్వేది వైపు దొరికిన మనిషి మూలుగలో కాలువనీళ్ల జాతులు కనబడితే, వాడు మునిగింది ఎక్కడో పైన అయ్యుండాలి, ఇక్కడికి తెచ్చింది మనిషో ఏరో. ఎర్రదుమ్ము ఇంత చెప్పగలదా?

రొయ్యల చెరువులు ఇప్పుడు అందరూ రాస్తున్నారు, తప్పుగా రాస్తున్నారు. తెల్లవారుజామున మూడింటికి చెరువుగట్టు మీద ఎవరూ ఉండరని వాళ్ల నమ్మకం. నీళ్లలో ప్రాణవాయువు బాగా పడిపోయేది తెల్లవారబోయే ముందే. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయా లేదా అని కాపలావాడు లేచి చూసేది సరిగ్గా ఆ వేళే. కరెంటు పోయిందంటే జనరేటరు కోసం పరుగు. చుట్టుపక్కల నాలుగు చెరువుల వాళ్లూ మేలుకునే ఉంటారు. ఆస్ట్రేలియా పల్లెలో ఆ వేళ ఎంత శూన్యమో మన ఆక్వా గట్టు మీద అంత సందడి. ఇంకోటి, చెరువు ఏదీ శాశ్వతంగా దాచదు. మూడు నాలుగు నెలలకి పట్టుబడి, నీళ్లు తోడేస్తారు.

కొబ్బరితోటల్లోనూ అంతే. నెలన్నరకో రెండు నెలలకో దింపు. చెట్టెక్కినవాడికి నాలుగిళ్ల పెరళ్లు కనబడతాయి, వాణ్ణి కిందనుంచి ఎవరూ చూడరు. దింపు కూలీని సాక్షిగా పెట్టిన కథ ఇంతవరకు మాకు కనబడలేదు.

పోలీసు రికార్డు తప్పుల గురించి రాయాలంటే మరో పేజీ కావాలి, ముఖ్యమైనవి చెబుతాం. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు. హత్య ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 103, పాత 302 కాదు. అయితే నేరం ఆ తేదీకి ముందు జరిగుంటే 302యే. పాత శవం మీద కొత్త సెక్షన్ వేయకండి. అనుమానాస్పద మృతి అయితే ముందు నాగరిక సురక్షా సంహిత 194 కింద నమోదవుతుంది. ఊరి పెద్దమనుషులు ఇద్దరు, అంతకు పైన, ఎదుట శవపంచనామా జరగాలి, నివేదిక 24 గంటల్లో పైకి పోవాలి. హత్యని తేలాక సెక్షన్ మార్పు మెమో కోర్టుకి వెళుతుంది. ఆ మెమో వెళ్లిన సంగతి సాయంత్రానికి ఊళ్లో తెలుస్తుంది, అక్కణ్ణుంచి మాటలు మారతాయి. కథలో మంచి మలుపు అది, ఎవరూ వాడరు. పోలీసు రాసుకున్న సాక్షి వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండకూడదు, 181 ఆ మాటే చెబుతుంది. మీ కథల్లో నలుగురు సాక్షులు వణుకుతున్న చేతుల్తో సంతకాలు పెట్టారు. కట్టుదిట్టంగా కావాలంటే 183 కింద మేజిస్ట్రేటు దగ్గర చెప్పించాలి. పోలీసు ముందు నేరం ఒప్పుకున్నాడన్న మాట కోర్టులో చెల్లదు. వాడు చెప్పిన చోట వస్తువు దొరికితే ఆ మేరకు చెల్లుతుంది. అందుకే మన కథకి చివరన ఒప్పుకోలు కన్నా, బురదలోంచి తీసిన వస్తువు ముఖ్యం.

విషం కథల్లో విసెరా సీసా ఒకటి. జీర్ణాశయం, చిన్నపేగు మొదటి ముక్క, కాలేయం, మూత్రపిండాల ముక్కలు తీసి ఫార్మలిన్లో వేశారని రాస్తారు. ఫార్మలిన్లో వేస్తే విషపరీక్ష చెడుతుంది. మామూలుగా వేసేది ఉప్పు ఇక కరగనంత కలిపిన నీళ్లు. సీసా మూడింట రెండు వంతులే నింపాలి, లోపల గాలి పుట్టి మూత తన్నుకోకుండా. మే నెలలో, ఎర్రబస్సులో, కానిస్టేబుల్ ఒళ్లో ఆ పెట్టె. ఎక్కడో సీలు చిట్లుతుంది. డిఫెన్స్ లాయరు రెండేళ్ల తర్వాత అడిగేది ఆ సీలు గురించే.

యానాం గురించి చెప్పకుండా ముగించలేం. గౌతమికి ఆ ఒడ్డున యానాం, పుదుచ్చేరిది, పోలీసు వేరు, పై కోర్టు మద్రాసు. ఈ ఒడ్డున ఎదుర్లంక, ఆంధ్రా పోలీసు, ఆంధ్రా హైకోర్టు. ఆస్ట్రేలియాలోనూ ఇలాంటి ఏరుంది. ముర్రే నది న్యూ సౌత్ వేల్స్‌కీ విక్టోరియాకీ మధ్య పారుతుంది. సరిహద్దు నది మధ్యన లేదు, దక్షిణ గట్టు పైఅంచున ఉంది. ఒకడు ఆ గట్టు పైన నిలబడి, కింద నీటి అంచున చేపలు పడుతున్నవాణ్ణి కాల్చాడు. కాల్చినచోటు విక్టోరియా, పడ్డచోటు న్యూ సౌత్ వేల్స్. విక్టోరియా కోర్టు శిక్ష వేసింది. 1980లో ఆస్ట్రేలియా హైకోర్టు, నేరం జరిగింది తూటా తగిలినచోటే కాబట్టి విక్టోరియాకి అధికారం లేదని ఆ శిక్ష కొట్టేసింది. రెండు రాష్ట్రాల్లో నిందితుడికి దొరికే వాదనలు వేరు కాబట్టి గట్టు అంచు మీద ఒక మనిషి బతుకు వేలాడింది. మన చట్టం అంత కటువుగా లేదు. సురక్షా సంహిత 199 ప్రకారం పని జరిగినచోటైనా, ఫలితం తేలినచోటైనా విచారించవచ్చు. అంటే మన దగ్గర చిక్కు "ఎవరికీ అధికారం లేదు" అని రాదు, "ఇద్దరికీ ఉంది" అని వస్తుంది. ఇద్దరికీ ఉన్న కేసు ఎవరు తీసుకుంటారో, ఎవరు అవతలివాళ్ల మీదకి నెడతారో ఊహించడానికి డిటెక్టివ్ అక్కర్లేదు. యానాంలో తాగి, పడవలో గొడవపడి, ఎదుర్లంక రేవులో చచ్చినవాడి ఎఫ్ఐఆర్ ఎవరు రాస్తారు? తమ హద్దు కాకపోయినా జీరో ఎఫ్ఐఆర్ రాసి అవతలి స్టేషన్‌కి పంపడమనే వీలుంది. ఆ కాగితం ఏరు దాటడానికి ఎన్ని రోజులు పట్టిందన్నదే నవల.

ఊరి పేర్ల గురించి. అక్కడి పేరున్న నవలల్లో పట్టణాలు చాలావరకు కల్పితాలే. జేన్ హార్పర్ 2016 నవలలోని కీవారా, క్రిస్ హామర్ 2018 నవలలోని రివర్సెండ్, రెండూ మ్యాపులో లేవు. కరువు, గోధుమ, నది మాత్రం నిజం. మన కథల్లో తిరగేశారు: ఊరు నిజం, నీళ్లు కల్పితం. నిజమైన ఊరు పెట్టి ఇంటిపేరు కూడా పెడితే, కోనసీమలో ఇంటిపేరు చెప్పగానే కులం, వీధి, పాలివాళ్లు అన్నీ తెలిసిపోతాయి, కథ చదవకముందే హంతకుడెవరో జనం తేల్చేస్తారు. లేని ఊరు కల్పించి ఉన్న కాలువ మీద పెట్టండి. అమలాపురం కాలువ మీద ఇంకో ఊరికి చోటుంది.

అక్కడి నవలల్లో ఎప్పుడో వెళ్లిపోయినవాడు చావుకి తిరిగొస్తాడు. మనకి దానికి కొరత లేదు. కువైట్ నుంచి వచ్చినామె, హైదరాబాదు నుంచి వచ్చినవాడు, పెద్దకర్మ రోజున ఒకే పందిట్లో కూర్చుంటారు. ఊరంతా ఒకచోట ఉండే రోజు, డిటెక్టివ్ ఎవరినీ పిలిపించుకోనక్కర్లేదు. వడ్డన వరసలో ఎవరు ఎవరి పక్కన కూర్చోలేదో చూస్తే చాలు.

వరద కథలు రాసేవాళ్లకి ఒక్క లెక్క: ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. ఏ హెచ్చరిక ఏ గంటకి ఎగరేశారో రికార్డులో ఉంటుంది. "వరదకి లంకలో చిక్కుకుపోయాను, ఆ రాత్రి ఊళ్లో లేను" అన్నవాడి మాట ఆ గంటతో సరిచూడవచ్చు. మీ రెండో కథలో మొదటి హెచ్చరికకే లంకలన్నీ మునిగి ఇళ్ల కప్పులు కొట్టుకుపోయాయి. అంత నీళ్లు చూసిన 1986 ఆగస్టులో వరద 35 లక్షల క్యూసెక్కుల దాకా పోయింది.

చివరగా మీకు రెండు విన్నపాలు. పోటీకి పదిహేను వందల మాటల హద్దు పెట్టారు. నేరకథకి అది చాలదు, మూడు వేలకి పెంచండి. రెండోది, గెలిచిన కథని సీరియల్‌గా వేస్తామన్నారు కాబట్టి, కాలువలు కట్టేసిన ఆదివారం నుంచి మొదలుపెట్టండి. చదివినవాళ్లు గట్టు మీదకి వెళ్లి చూసుకుంటారు.

ఇట్లు,
గ్రంథాలయ పాఠకులు కొందరు,
అమలాపురం, కోనసీమ